ఇంటి సర్వర్ డిస్కులకు నమ్మదగిన ఫైల్ సిస్టమ్ ఏది?

ఏళ్ళ తరబడి డిస్కులో పడి ఉన్న పెళ్ళి ఫొటో ఒకటి తెరిస్తే పై సగం మామూలుగా కనిపించి, కింది సగమంతా బూడిద రంగు పట్టీగా మారి ఉండవచ్చు. ఫైల్ పేరు మారి ఉండదు, తేదీ మారి ఉండదు, పరిమాణంలో ఒక్క బైటు కూడా తేడా ఉండదు. డిస్కు ఏ లోపాన్నీ నివేదించి ఉండదు, ఆపరేటింగ్ సిస్టమ్ ఏ హెచ్చరికా చూపి ఉండదు. మధ్యలో ఒకసారి పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు మారి ఉంటే, చెడిన ప్రతే అక్కడికీ నకలై, పాత డిస్కును తుడిచేశాక మంచి ప్రతి ఎక్కడా మిగిలి ఉండదు. ఇంటి సర్వర్‌కు ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్ళను అమర్చి, అడిగినప్పుడు తీసి ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఎంచుకునేటప్పుడు వేగం గురించి, గరిష్ఠ పరిమాణం గురించి చాలా చర్చ జరుగుతుంది కానీ, అసలు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: రాసిన డేటా రాసినట్టే ఉందో లేదో ఈ ఫైల్ సిస్టమ్ చెప్పగలదా?

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్న అమరిక సాధారణమైనదే. పక్కన పెట్టిన పాత డెస్క్‌టాప్ లేదా చిన్న మినీ పీసీ, అందులో లినక్స్, రెండు 4 టీబీ లేదా 8 టీబీ హార్డ్ డిస్కులు, వాటిలో ఇంటిల్లిపాది ఫోన్ల నుంచి వచ్చే ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన పొలం పత్రాలు, సర్టిఫికెట్లు. నెట్‌వర్క్ కేబుల్ వేగం సెకనుకు ఒక గిగాబిట్ దాటని ఇలాంటి చోట ఏ ఫైల్ సిస్టమ్ పెట్టినా వేగంలో తేడా వాడేవారికి తెలియదు. కనుక వేగాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు.

లినక్స్‌లో అందరికీ తెలిసినది ఈఎక్స్‌టీ4. 2008 డిసెంబరులో లినక్స్ మూల భాగమైన కెర్నెల్ 2.6.28 వెర్షన్‌తో స్థిరమైన రూపంలో వచ్చింది. దాని బలం జర్నల్. ఫైళ్ళ జాబితాలో, ఖాళీ స్థలం లెక్కలో మార్పు చేసే ముందు ఆ మార్పును ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, తిరిగి మొదలైనప్పుడు చిట్టా చూసి సగంలో ఆగిన పనిని పూర్తి చేస్తుంది లేదా వదిలేస్తుంది. అందువల్ల డిస్కు మొత్తాన్ని గంటల తరబడి పరీక్షించే అవసరం తప్పింది. అయితే ఈ చిట్టాలో మామూలుగా ఉండేది మెటాడేటా మాత్రమే, అంటే ఫైళ్ళ గురించిన సమాచారం. 2012లో వచ్చిన 3.5 కెర్నెల్ నుంచి ఈ మెటాడేటాకు చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కగట్టి, అది మారితే పట్టిచ్చే సంఖ్య) కూడా తోడైంది. ఫొటోలోని అసలు డేటాకు మాత్రం ఏ చెక్‌సమూ లేదు. డిస్కు ఏది ఇస్తే దాన్నే ఈఎక్స్‌టీ4 అప్లికేషన్‌కు అందిస్తుంది.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ పరిస్థితి కూడా ఇంతే. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ 1990లలో తన ఐరిక్స్ వ్యవస్థ కోసం తయారు చేసిన ఈ ఫైల్ సిస్టమ్‌ను 2014లో రెడ్ హ్యాట్ తన లినక్స్ పంపిణీ (కెర్నెల్‌కు మిగతా సాఫ్ట్‌వేర్ కలిపి ఇచ్చే రూపం) ఆర్‌హెచ్‌ఈఎల్ 7లో డిఫాల్ట్‌గా పెట్టింది. పెద్ద ఫైళ్ళకు, పెద్ద డిస్కులకు చక్కగా పనిచేస్తుంది. మెటాడేటాకు చెక్‌సమ్ ఉంది, డేటాకు లేదు. పైగా ఒకసారి సృష్టించాక పెంచుకోవచ్చు కానీ తగ్గించుకోలేము. ఇంట్లో ఈఎక్స్‌టీ4ను వదిలి దీన్ని ఎంచుకోవడానికి బలమైన కారణం కనిపించదు.

డిస్కు తనంతట తానే తప్పు డేటా ఇవ్వడం నిజంగా జరుగుతుందా అన్న అనుమానం సహజం. డిస్కులోని ప్రతి సెక్టార్‌కూ తయారీదారు పెట్టిన దోష సవరణ కోడ్ ఉంటుంది, చాలా లోపాలను అదే పట్టుకుంటుంది. దాని కన్ను కప్పి జారిపోయేవి వేరే రకం లోపాలు. డిస్కు రాశానని చెప్పి రాయకపోవడం ఒకటి, ఒక చోట రాయవలసినది మరో చోట రాయడం ఒకటి, డిస్కును నడిపే కంట్రోలర్‌లోనో మెమరీలోనో ఒక బిట్ తారుమారై చెడిన డేటాయే డిస్కు దాకా చేరడం ఇంకొకటి. ఇలాంటప్పుడు డిస్కు తన దగ్గర ఉన్నదాన్ని తప్పు లేకుండానే చదువుతుంది, కాకపోతే అక్కడ ఉండవలసినది అది కాదు. నెట్‌యాప్ సంస్థ స్టోరేజీ యంత్రాలలోని 15 లక్షల 30 వేల డిస్కులను 41 నెలల పాటు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు లక్షలకు పైగా చెక్‌సమ్ తేడాలు బయటపడ్డాయి. అవన్నీ దాదాపు 3,900 డిస్కులలోనే కనిపించాయి. సంస్థల కోసం తయారైన ఖరీదైన డిస్కులలో ఈ సమస్య వచ్చినవి 0.1 శాతం కన్నా తక్కువ కాగా, ఇళ్ళలో వాడే వాటికి దగ్గరగా ఉండే సాటా డిస్కులలో వాటి వాటా దాదాపు పది రెట్లకు పైగా ఉంది. ఇది చూసి బెంబేలు పడవలసిన అవసరం లేదు, నూటికి తొంభై తొమ్మిది డిస్కులకు ఏమీ కాలేదు. కానీ ఇరవై, ముప్ఫై ఏళ్ళు దాచదలచిన ఫొటోలు నాలుగైదు తరాల డిస్కులు మారుతూ వెళ్తాయి, ప్రతి మార్పిడిలోనూ కేబుల్, మెమరీ, కంట్రోలర్ అన్నీ కొత్త ప్రమాదాలను తెస్తాయి.

రెండు డిస్కులు పెట్టి రెయిడ్ మిర్రర్ చేస్తే, అంటే ఒకే డేటాను రెండింటిలోనూ రాయిస్తే, చాలదా అన్నది తరువాత వచ్చే ప్రశ్న. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీద ఈఎక్స్‌టీ4 పెట్టుకున్నవారు ఎంతోమంది ఉన్నారు. ఒక డిస్కు పూర్తిగా చచ్చిపోతే ఈ ఏర్పాటు చక్కగా కాపాడుతుంది. కానీ రెండు డిస్కులూ బతికే ఉండి, ఒకే బ్లాక్‌కు రెండూ వేర్వేరు డేటా చూపిస్తే, ఇద్దరు సాక్షులు చెరో మాట చెప్పిన పంచాయతీలాగా తయారవుతుంది: ఎవరిది నిజమో తేల్చే ఆధారం రెయిడ్ దగ్గర ఉండదు. డెబియన్ అనే పంపిణీలో ప్రతి నెలా మొదటి ఆదివారం జరిగే రెయిడ్ తనిఖీ, తేడాలు ఎన్ని ఉన్నాయో లెక్క మాత్రమే చెబుతుంది. సరిచేయమంటే చదవగలిగిన మొదటి డిస్కులో ఉన్నదాన్నే రెండో దాని మీద రాస్తుంది. ఆ మొదటి డిస్కుదే తప్పయితే మంచి ప్రతి కూడా పోతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే రెండు ఫైల్ సిస్టమ్‌ల ప్రత్యేకత సరిగ్గా ఇక్కడే ఉంది. ప్రతి డేటా బ్లాక్‌కూ ఒక చెక్‌సమ్ లెక్కగట్టి, దాన్ని ఆ బ్లాక్ పక్కనే కాకుండా వేరే చోట భద్రపరుస్తాయి. చదివిన ప్రతిసారీ మళ్ళీ లెక్కగట్టి పోల్చి చూస్తాయి. తేడా వస్తే రెండో డిస్కులోని ప్రతిని చదివి, దాని చెక్‌సమ్ సరిపోతే దాన్నే అప్లికేషన్‌కు ఇచ్చి, చెడిన ప్రతిని దానితో సరిచేస్తాయి. రెండో ప్రతి లేకపోతే చదవలేనని స్పష్టంగా లోపం చూపుతాయి తప్ప చెడిన ఫొటోను మంచిదన్నట్టు చేతికివ్వవు. పాత డేటా మీద కొత్తది రాయకుండా, కొత్త చోట రాశాకే సూచికను మార్చడం వీటి పద్ధతి. అందువల్ల మధ్యలో కరెంటు పోయినా పాత స్థితి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ పద్ధతి వల్లనే క్షణంలో స్నాప్‌షాట్ (ఆ సమయానికి ఫైళ్ళు ఉన్న స్థితిని నిలిపి ఉంచే ప్రతి) తీయడమూ సాధ్యమవుతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బోన్విక్, మాథ్యూ అహ్రెన్స్ 2001లో మొదలుపెట్టారు. 2005లో దాని సోర్స్ కోడ్ బయటికి వచ్చింది. 2010లో ఒరాకిల్ సన్‌ను కొనుగోలు చేశాక, బయట ఉన్న డెవలపర్లు 2013లో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో దాన్ని కొనసాగించారు. దాని లైసెన్సు లినక్స్ కెర్నెల్ లైసెన్సుతో పొసగకపోవడం వల్ల అది కెర్నెల్‌లో భాగం కాలేదు, ఎప్పుడూ పక్కన విడిగా జోడించే ఒక మాడ్యూల్‌గానే ఉంటుంది. న్యాయశాస్త్ర చర్చగా కనిపించే ఈ విషయం ఇంటి సర్వర్‌లో ఒక ఆచరణ సమస్యగా మారుతుంది. కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక మాడ్యూల్ ఆ కొత్త కెర్నెల్‌కు సిద్ధంగా లేకపోతే, సర్వర్ రీబూట్ అయినప్పుడు డిస్కులు మౌంట్ కావు, అంటే వాడకానికి అందవు. డేటాకు ఏమీ కాదు కానీ, విషయం తెలియనివారికి గుండె ఆగినంత పని అవుతుంది. ఉబుంటు తన కెర్నెల్‌తో పాటే మాడ్యూల్‌ను ఇస్తుంది, ప్రాక్స్‌మాక్స్, ట్రూనాస్ కూడా అంతే. అందువల్ల జెడ్‌ఎఫ్‌ఎస్ వాడదలచినవారు ఇలాంటి పంపిణీలలో ఒకదాన్ని ఎంచుకోవడం, కొత్త కెర్నెళ్ళ వెంట పరుగెత్తే పంపిణీలకు దూరంగా ఉండటం మంచిది.

దీనికి మెమరీ విపరీతంగా కావాలన్న మాట బాగా ప్రచారంలో ఉంది. టెరాబైటుకు ఒక జీబీ చొప్పున ర్యామ్ ఉండాలనేది నోటి మాటగా పాకిన కొలతే తప్ప నియమం కాదు. ఖాళీగా ఉన్న మెమరీని జెడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్‌గా వాడుకుంటుంది, ఆ వాటాకు పరిమితి పెట్టవచ్చు. రెండు డిస్కుల మిర్రర్‌కు 8 జీబీ ఉన్న యంత్రం హాయిగా సరిపోతుంది. ఒకే రకమైన బ్లాక్‌లను కలిపేసే డీడూప్ సౌకర్యాన్ని ఆన్ చేస్తే మాత్రం మెమరీ నిజంగానే కావాలి, ఇంట్లో దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. తనలోని బిట్ లోపాలను తానే సరిచేసుకునే ఈసీసీ మెమరీ విషయమూ ఇలాంటిదే. అది ఉంటే ఏ ఫైల్ సిస్టమ్‌కైనా మంచిదే. లేనంత మాత్రాన జెడ్‌ఎఫ్‌ఎస్ మిగతావాటికన్నా ప్రమాదకరంగా మారదని దాని సృష్టికర్తల్లో ఒకరైన అహ్రెన్సే వివరించారు.

జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా తప్పులకు అతీతమైనది కాదు. 2023 నవంబరులో 2.2 వెర్షన్ విడుదలైన కొద్ది వారాలకే, కొన్ని సందర్భాలలో నకలు చేసిన ఫైళ్ళలో కొంత భాగం సున్నాలుగా మారుతోందని తేలింది. లోతుగా చూస్తే ఆ లోపం అంతకు ముందు వెర్షన్లలోనూ ఉన్నదేనని, కొత్త సౌకర్యం దాన్ని బయటికి తెచ్చిందని తెలిసి, 2.2.2, 2.1.14 వెర్షన్లలో సరిచేశారు. ఇక్కడ గమనించవలసినది, సున్నాలు రాసింది ఫైల్ సిస్టమే కాబట్టి వాటికి చెక్‌సమ్ కూడా సరిగ్గానే ఉంటుంది, తనిఖీలో ఏమీ బయటపడదు. వేరే చోట బ్యాకప్ ఎందుకు ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చరిత్ర మరో రకమైనది. 2007లో ఒరాకిల్‌లో పనిచేస్తున్న క్రిస్ మేసన్ మొదలుపెట్టిన ఇది 2009లో కెర్నెల్‌లోనే చేరింది. కాబట్టి జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఉన్న మాడ్యూల్ సమస్య దీనికి లేదు. సూసే సంస్థ తన పంపిణీలో, ఫెడోరా 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి డెస్క్‌టాప్‌లో దీన్ని డిఫాల్ట్‌గా పెట్టాయి. అదే సమయంలో రెడ్ హ్యాట్ దీన్ని ఆర్‌హెచ్‌ఈఎల్ 8 నుంచి పూర్తిగా తొలగించింది. ఒకే సాఫ్ట్‌వేర్ మీద పెద్ద సంస్థలు ఇంత భిన్నంగా నిర్ణయించడం చూసి చాలామంది తికమకపడతారు. తేడా అంతా ఏ భాగాన్ని వాడుతున్నారన్న దానిలో ఉంది. ఒక డిస్కు మీద, లేదా రెయిడ్1 పద్ధతిలో రెండు ప్రతులుగా వాడితే ఇది నిలకడగా పనిచేస్తుంది. రెయిడ్5, రెయిడ్6 పద్ధతులలో మాత్రం, రాస్తుండగా కరెంటు పోతే పారిటీ (పోయిన డేటాను తిరిగి కట్టడానికి ఉంచే లెక్క), డేటా ఒకదానితో ఒకటి పొసగకుండా పోయే లోపం ఏళ్ళ తరబడి మిగిలిపోయింది. విలువైన డేటాకు వాటిని వాడవద్దని ప్రాజెక్టు పత్రాలే హెచ్చరిస్తున్నాయి. సైనాలజీ సంస్థ తన నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజీ) పెట్టెలలో బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీద పెట్టి ఇస్తుంది తప్ప దాని సొంత రెయిడ్‌ను వాడదు.

ఇంటి అవసరానికి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే పెద్ద సౌలభ్యం డిస్కుల పరిమాణాలు కలవకపోయినా ఫరవాలేకపోవడం. పాత 4 టీబీ రెండు, కొత్త 8 టీబీ ఒకటి కలిపి రెయిడ్1 చేస్తే, ప్రతి బ్లాక్ ఏవో రెండు డిస్కులలో ఉండేలా సర్దుకుని 8 టీబీ వాడుకోనిస్తుంది. డిస్కును తీసేయడం, చేర్చడం నడుస్తుండగానే చేయవచ్చు. దీనికి ప్రతిగా తెలుసుకోవలసిన గోతులు కొన్ని ఉన్నాయి. వర్చువల్ మెషిన్ల (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్ల) ఫైళ్ళు ముక్కలు కాకుండా ఉండటానికి చాలా గైడ్లు సూచించే, పాత చోటే మళ్ళీ రాసే నోడేటాకౌ అమరికను ఆన్ చేస్తే, ఆ ఫైళ్ళకు చెక్‌సమ్‌లు కూడా ఆగిపోతాయి, అంటే దేనికోసం ఈ ఫైల్ సిస్టమ్‌ను ఎంచుకున్నామో అదే పోతుంది. రెండు డిస్కులలో ఒకటి పోతే, డిగ్రేడెడ్ అన్న ఆప్షన్ ఇవ్వకుండా మౌంట్ కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏదో తేడా కనిపించగానే రిపేర్ ఆదేశం ఇవ్వకూడదు. ఈఎక్స్‌టీ4లో ఎఫ్‌ఎస్‌సీకే అనే మరమ్మతు ఆదేశం నడపడం అలవాటైనవారు అదే ధోరణిలో ఇక్కడ రిపేర్ నడిపి, బాగుపడగలిగిన దాన్ని బాగుపడకుండా చేసుకునే ప్రమాదం ఉంది. ముందు చదవడానికి మాత్రమే మౌంట్ చేసి డేటాను బయటికి తీసుకోవాలి.

బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ పేరు కూడా వినిపిస్తుంది కనుక ఒక మాట. 2024 జనవరిలో 6.7 కెర్నెల్‌తో లినక్స్‌లో చేరి, నిర్వహణ వివాదాల తరువాత 2025లో 6.18 నాటికి కెర్నెల్ నుంచి తొలగింది. అందులోని ఆలోచనలు విలువైనవే అయినా, కుటుంబం ఫొటోలకు ఇది ఇంకా చోటు కాదు.

ఫైల్ సిస్టమ్ ఎంత మంచిదైనా దాని కింద ఉన్న పరికరాలు అబద్ధం చెబితే చేయగలిగేది తక్కువ. రాసిన డేటా డిస్కు పళ్ళెం మీదికి నిజంగా చేరిందని హామీ కోరుతూ ఫైల్ సిస్టమ్ పంపే ఆదేశాన్ని గౌరవించకుండా, చేరిందని ముందే జవాబిచ్చే చవక యూఎస్‌బీ పెట్టెలు ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెండూ దెబ్బతినే సందర్భాలలో ఇది ముఖ్యమైనది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే సర్వర్‌కు డిస్కులను సాటా కేబుల్‌తో నేరుగా మదర్‌బోర్డుకు కలపడమే సరైన పని. అలాగే డిస్కు కొనేటప్పుడు అది ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకమా, ఎస్‌ఎంఆర్ రకమా చూడాలి. ట్రాకులను ఒకదానిపై ఒకటి పెంకుల్లా పేర్చే ఎస్‌ఎంఆర్ డిస్కులలో, పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి డేటా నింపే పని విపరీతంగా సాగుతుంది, కొన్నిసార్లు మధ్యలో ఆగిపోతుంది. నాస్ కోసం అమ్మే రెడ్ శ్రేణిలో కొన్ని మోడళ్ళు ఎస్‌ఎంఆర్ రకమేనని వెస్టర్న్ డిజిటల్ 2020లో ఒప్పుకున్నాక ఈ విషయం అందరికీ తెలిసింది.

ఎండాకాలపు కోతలు, గాలివానకు పోయే కరెంటు తెలుగు రాష్ట్రాల ఇళ్ళకు కొత్త కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకోవడం పొరపాటు. లైట్లకు, ఫ్యాన్లకు అది చాలు. కంప్యూటర్ పవర్ సప్లై కరెంటు లేకుండా నిలబడగలిగేది పదిహేను, ఇరవై మిల్లీసెకన్ల పాటే, ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారడానికి అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటే సర్వర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. యూపీఎస్ మోడ్ ఉన్న ఇన్వర్టర్ అయితే ఆ అమరిక పెట్టాలి. ఇంకా మంచిది, యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలిపే చిన్న యూపీఎస్. బ్యాటరీ తగ్గిపోతున్న కబురు అందుకుని సర్వర్ పద్ధతిగా ఆగిపోతుంది.

ఇన్ని చూశాక, పైన చెప్పిన రెండు సమాన డిస్కుల సర్వర్‌కు జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ మొదటి ఎంపికగా నిలుస్తుంది. డిస్కులు వేర్వేరు పరిమాణాలలో ఉంటే, లేదా కెర్నెల్ బయటి మాడ్యూల్ వద్దనుకుంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్1 తీసుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే చిన్న ఎస్‌ఎస్‌డీకి ఈఎక్స్‌టీ4 చాలు, అది పోతే మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. సినిమాలు, పాటలు లాంటి మారని ఫైళ్ళతో నాలుగైదు పాత డిస్కులు నిండి ఉంటే, ఒక్కో డిస్కులో ఈఎక్స్‌టీ4 ఉంచి స్నాప్‌రెయిడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పారిటీ, చెక్‌సమ్‌లు లెక్కగట్టుకోవడం తెలివైన దారి. ఎన్ని డిస్కులు పోయినా మిగిలిన వాటిలోని ఫైళ్ళు మామూలుగా చదువుకోవచ్చు. కాకపోతే ఆ లెక్క రోజుకో వారానికో ఒకసారి జరిగేది, ఈ మధ్యలో వచ్చిన మార్పులకు రక్షణ ఉండదు.

బ్యాకప్ డిస్కు విషయంలో మాత్రం లెక్క మారుతుంది. సర్వర్ పెట్టినవారు ఊళ్ళో లేనప్పుడు, లేదా అసలే లేనప్పుడు, ఇంట్లో మిగతావారు ఆ ఫొటోలు చూడగలగాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కును విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే అందులోని ఫైళ్ళు కనిపించవు, ఖాళీదనుకుని తెలియక ఎవరో ఫార్మాట్ చేసేయవచ్చు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు నడిపే సర్వర్ ఊళ్ళో తల్లిదండ్రుల దగ్గర ఉన్నప్పుడు ఇది ఊహించి చెప్పే మాట కాదు. అందువల్ల ఒక బ్యాకప్‌ను స్నాప్‌షాట్‌ల రూపంలో మరో జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుకు పంపినా, ఇంకొకదాన్ని విండోస్ చదివే ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేసిన మామూలు యూఎస్‌బీ డిస్కులో, ఫైళ్ళు నేరుగా కనిపించేలా ఉంచి, దానితో పాటే చెక్‌సమ్‌ల జాబితా ఫైల్ ఒకటి పెట్టాలి. ఎక్స్‌ఫ్యాట్ ఎక్కువ పరికరాలలో తెరుచుకుంటుంది కానీ, దానికి జర్నల్ లేదు, రాస్తుండగా కేబుల్ ఊడితే నష్టం ఎక్కువ.

ఇక మిగిలింది స్క్రబ్. ఎవరూ తెరవని ఫొటోలను కూడా డిస్కు నుంచి చదివి చెక్‌సమ్ పోల్చి చూసే ఈ తనిఖీ నెలకోసారి జరగాలి. డెబియన్, ఉబుంటులలో జెడ్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీ నెలలో రెండో ఆదివారం దానంతట అదే ఈ పని మొదలుపెడుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు చాలా పంపిణీలలో విడిగా అమర్చుకోవాలి. తనిఖీలో లోపం బయటపడినా ఆ కబురు యజమానికి చేరకపోతే చేసిందంతా వృథా, కనుక మెయిల్ వచ్చే ఏర్పాటు మొదటి రోజే పూర్తి కావాలి.

అది నిజంగా వస్తుందో లేదో ఫొటోలు చేర్చకముందే తేల్చుకోవచ్చు. ఖాళీ మిర్రర్‌లో పనికిరాని ఫైళ్ళు కొన్ని నింపి, సర్వర్ ఆపి, ఒక డిస్కు కేబుల్ తీసి, మళ్ళీ మొదలుపెట్టి, డేటా కనిపిస్తోందా, హెచ్చరిక ఫోన్‌కు చేరిందా చూడాలి. తరువాత డిస్కును తిరిగి తగిలించి, అదే డిస్కులో ఆ ఫైళ్ళ డేటా ఉన్న భాగంలో కావాలనే కొంత చెత్త డేటా రాసి స్క్రబ్ నడిపితే, ఎన్ని బ్లాక్‌లు చెడాయో, ఎన్ని సరిచేసిందో లెక్క కనిపిస్తుంది. అప్పుడు వాడిన ఆదేశాలను, ఏ సీరియల్ నంబరు డిస్కు ఏ స్థానంలో ఉందో కాగితం మీద రాసి సర్వర్ పెట్టె లోపలి వైపు అతికించాలి.